టైరు లోపలి మెత్త ఎవరికి అవసరం?

అల్యూమినియం రిమ్ము రాతి అంచుకు తగిలితే వచ్చే చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. ఇత్తడి బిందె గచ్చుకు కొట్టుకున్నట్టు ఠంగుమంటుంది. చెవికన్నా ముందు నడుముకే తెలుస్తుంది. నేను విన్నది ఒక ఫిబ్రవరి ఉదయం, అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో, సౌత్ మౌంటెన్ మీద నేషనల్ ట్రయల్ దిగుతూ. ముందు మా పెదనాన్నగారబ్బాయి, వెనక నేను. మోకాలెత్తు రాతి మెట్టు ఒకటి ఇద్దరం దిగాం. అన్నయ్య వెనక చక్రం ‘దబ్’ అంది. నాది ‘ఠంగ్’ అంది.

అన్నయ్య బ్రేకు పట్టి ఆగాడు.

“వెనక గాలి ఎంత పెట్టావురా?”

“22, అన్నయ్యా. మా దగ్గర ఎప్పుడూ అంతే.”

“నాదీ 22 యే. కాకపోతే నా టైరులో ఇన్సర్ట్ ఉంది. మీ అడవిలో తగిలేవి వేళ్లు, గుండ్రంగా ఉంటాయి. ఇక్కడ రాయికి అంచుంటుంది.”

ఇద్దరివీ 29 అంగుళాల చక్రాలే. టైర్లు ఒకే రకం, మా బరువులూ దాదాపు ఒకటే. తేడా అల్లా ఆయన టైరు లోపల రిమ్మును చుట్టుకుని ఉన్న ఫోమ్ పట్టీ. నా రిమ్ము అంచు మీద బొటనవేలు పెట్టి చూస్తే చిన్న సొట్ట తగిలింది. వారానికి ఒకటి రెండుసార్లు, సొంత డబ్బుతో కొన్న సైకిలును సొంత చేతులతో బాగుచేసుకుంటూ కొండెక్కే మామూలు మౌంటెన్ బైకర్‌కి ఈ మెత్త నిజంగా అక్కరకొస్తుందా అన్న ప్రశ్న నాకు ఆ సొట్టతోనే మొదలైంది. దాని జవాబు కోసం రెండు కొండల్నీ, రెండు చక్రాల్నీ పక్కపక్కన పెట్టి చూశాను.

ముందు ఈ వస్తువు పుట్టుక చూద్దాం. 1999లో మావిక్ కంపెనీ హచిన్సన్, మిషెలిన్‌లతో కలిసి మౌంటెన్ బైకుకు ట్యూబ్‌లెస్ టైరు తెచ్చింది. అంతకుముందు గాలి తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా రెండు బొక్కలు పడేవి. ట్యూబే లేనప్పుడు ఆ భయం తగ్గింది. చిన్న బొక్కల్ని లోపలి సీలెంట్ పూడ్చేస్తుంది. దాంతో అందరం గాలి తగ్గించాం, పట్టు పెరిగింది. కానీ ట్యూబు నలిగే చోట ఇప్పుడు టైరు గోడ నలగడం, రిమ్ము నేరుగా దెబ్బ తినడం మొదలైంది. 2014లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ ప్రపంచకప్ డౌన్‌హిల్ పోటీలో ఆరన్ గ్విన్ వెనక టైరు ఊడిపోయి, వట్టి రిమ్ము మీదే కింది దాకా వచ్చాడు. అదే ఏడాది ష్వాల్బే కంపెనీ టైరు లోపల ఇంకో చిన్న గాలి గది పెట్టే ప్రోకోర్‌ను బయటపెట్టింది. ఆ తర్వాత గాలి గది స్థానంలో ఫోమ్ వచ్చింది: బరువైన కుష్‌కోర్, ఫిన్లాండ్ వాళ్ల పల్చని హక్ నోరిస్, విట్టోరియా ఎయిర్‌లైనర్, ఇంకా చాలా.

అంటే ఇది పోటీ అవసరంలోంచి వచ్చిన సరుకు. పోటీదారు కొద్ది నిమిషాల్లో కింద ఉండాలి. గాలి పోయినా టైరు రిమ్మును వదలకుండా గీత దాటితే చాలు. చక్రం విప్పడానికీ, మళ్లీ ఎక్కించడానికీ మెకానిక్ ఉంటాడు. మనకు ఆ తొందరా లేదు, ఆ మెకానిక్కూ లేడు. కాబట్టి పోటీదారుకు పనికొచ్చింది కదా అని మనకూ పనికొస్తుందనుకోలేం. మన లెక్క మనం వేసుకోవాలి.

మొదటి లెక్క గాలిది. 75 కిలోల మనిషి 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరులో మామూలుగా 22 నుంచి 26 పీఎస్‌ఐ దాకా పెడతాడు. ముందు చక్రంలో రెండు మూడు తక్కువ, ఎందుకంటే బరువు వెనక ఎక్కువ పడుతుంది. సౌత్ మౌంటెన్ మీద వట్టి టైరుతో రిమ్ము దక్కాలంటే నేను వెనక 27 పెట్టాలి. అలా పెట్టి తొక్కాను కూడా. రిమ్ము దక్కింది గాని, గులకరాళ్ల ఎక్కుడులో చక్రం జారింది, ప్రతి రాయీ అరికాలికి తెలిసింది. అన్నయ్య అదే దారిలో 22తో పట్టు దొరకబుచ్చుకుంటూ ఎక్కాడు. మెత్త చేసే అసలు ఉపకారం ఇదే. అది స్వతహాగా పట్టు ఇవ్వదు. రిమ్ముకు భయం లేకుండా గాలి తగ్గించుకునే వీలిస్తుంది, పట్టు ఆ తగ్గిన గాలిలోంచి వస్తుంది. గాలి తగ్గించకుండా మెత్త వేసుకున్నవాడు దాని లాభంలో సగం వదులుకున్నట్టే.

ఇప్పుడు నా వైపు కొండ. సియాటిల్ దగ్గర ఇసాక్వాలో డ్యూతీ హిల్ ఉంది. సైకిళ్ల కోసమే మలిచిన 120 ఎకరాల అడవి. మట్టి మలుపులు, ఎగిరే దిబ్బలు, ఏడాదిలో చాలా నెలలు తడి. పక్కనే టైగర్ మౌంటెన్. అక్కడ వేళ్లెక్కువ, ప్రెడటర్ లాంటి కొన్ని దారుల్లో రాళ్లూ ఉన్నాయి. ఫీనిక్స్ నుంచి రాగానే సొట్ట పడ్డ కోపంతో నేనూ ఒక బరువైన ఇన్సర్ట్ కొని వెనక చక్రంలో వేశాను. మిగిలిన చలికాలమంతా తొక్కాను. వసంతంలో టైరు మార్చేటప్పుడు రిమ్మంతా తడిమితే ఫీనిక్స్ సొట్ట తప్ప కొత్తది ఒక్కటీ లేదు. సంతోషించబోయి ఆగాను. అంతకుముందు రెండు చలికాలాలు మెత్త లేకుండానే ఇదే అడవిలో తొక్కాను, అప్పుడూ సొట్ట పడలేదు. రాని జ్వరానికి మందు వేసుకుని, జ్వరం రాలేదని మందును పొగడటం న్యాయం కాదు.

ఐతే ఒక మార్పు మాత్రం నిజంగా కనిపించింది. వేళ్ల గుంపు మీద వేగంగా పోతున్నప్పుడు చక్రం ఎగిరెగిరి పడటం తగ్గింది. చప్పుడూ తగ్గింది. మెత్త టైరులో చోటు తీసుకుంటుంది. మిగిలిన గాలి తక్కువ కాబట్టి, టైరు లోతుగా నలిగేకొద్దీ ఎదురు బలం త్వరగా పెరుగుతుంది. దెబ్బలో కొంత ఫోమ్ మింగేస్తుంది. పొడుగాటి దిగుడులో చేతులు తిమ్మిరెక్కేవాళ్లకు, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు ఈ నెమ్మది విలువైనదే. కానీ డ్యూతీ దిబ్బల మీద నేను కోరుకునేది చక్రం చలాకీతనం, అక్కడ అదే చక్రం మందంగా అనిపించింది.

బరువు గురించి భయం కొంచెం ఎక్కువే ప్రచారంలో ఉంది. 29 అంగుళాల చక్రానికి వేసే బరువైన ఇన్సర్ట్ ఒకటి సుమారు 250 గ్రాములు, పల్చని రకాలు 100 లోపు. రెండు చక్రాలకూ బరువైనవే వేస్తే అర కిలో. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలనుకుంటే అది అర శాతం చిల్లర. ఒక గంట నిలకడగా ఎక్కే కొండకు 20 సెకన్లు అదనం. మామూలు రైడర్‌కి ఇది పట్టించుకోవాల్సిన లెక్క కాదు. ఆగి ఆగి పెడల్ తొక్కి వేగం పుంజుకునే చోట మాత్రం తేడా తెలుస్తుంది, ఎందుకంటే చక్రం అంచున ఉన్న ప్రతి గ్రామునూ ముందుకు తోయాలి, తిప్పాలి కూడా. సైకిలు మధ్యలో ఉన్న గ్రాముతో పోలిస్తే దానికి రెండింతల శక్తి కావాలి. వంకర దారులు, చిన్న చిన్న ఎక్కుడులున్న అడవిలో అది కాళ్లకు తెలుస్తుంది. ఫీనిక్స్ రాళ్ల దారిలో రిమ్ము కోసం ఆ మూల్యం ఇవ్వొచ్చు. డ్యూతీలో దేనికోసం ఇవ్వాలి?

అసలు భారం చాకిరీలో ఉంది. మరో శీతాకాలం సౌత్ మౌంటెన్ మీదే అన్నయ్య టైరు పక్క గోడను రాయి కోసేసింది. సీలెంట్ పాలలా చిమ్మింది. ప్లగ్ దూర్చినా నిలవలేదు. ట్యూబ్ వేయక తప్పదు. ట్యూబ్ వేయాలంటే ముందు ఇన్సర్ట్ బయటికి రావాలి. రిమ్ము గాడిలో కూరుకున్న టైరు అంచును లీవర్లతో లేపబోతే మెత్త అడ్డొస్తుంది. ఇద్దరం నాలుగు చేతులతో కుస్తీ పట్టాం. బయటికి తీశాక దాన్ని ఎక్కడ పెట్టాలి? సంచీలో పట్టదు. సీలెంట్ ఓడుతున్న ఆ మెత్తను అన్నయ్య యజ్ఞోపవీతంలా భుజానికి వేసుకున్నాడు. టైరు లోపల చెయ్యి తిప్పి కాక్టస్ ముళ్లు ఒక్కొక్కటీ పీకాను, లేకపోతే కొత్త ట్యూబు పది గజాలు కూడా పోదు. వట్టి టైరైతే పావుగంట పని, ముప్పావుగంటకు పైనే పట్టింది. ఇంట్లో కూడా మొదటిసారి ఎక్కించేటప్పుడు బొటనవేళ్లు కందిపోతాయి. కొన్ని రకాలకు పక్కన రంధ్రాలున్న ప్రత్యేక వాల్వ్ కావాలి, లేకపోతే మెత్త వాల్వ్ నోటినే మూసేస్తుంది.

ఆ రోజు చూసిన కోత నాకు ఈ మొత్తం వ్యవహారంలోని ముఖ్యమైన తేడాను నేర్పింది. ఇన్సర్ట్ కాపాడేది రిమ్మును. టైరును కాపాడేది దాని కేసింగ్, అంటే రబ్బరు కింది గుడ్డ పొరలు. పైనుంచి వచ్చే దెబ్బకు మెత్త అడ్డు పడుతుంది, టైరు అంచు రిమ్మును వదలకుండా పట్టి ఉంచుతుంది. పక్కనుంచి వచ్చే కోతకు దాని దగ్గర జవాబు లేదు. ఒంటి పొర టైరు నుంచి జంట పొరల డౌన్‌హిల్ టైరుకు మారితే 300 గ్రాములకు అటూ ఇటూ బరువు పెరుగుతుంది. అంటే ఒక బరువైన ఇన్సర్ట్ అంత. కానీ ఆ టైరు కోతనూ ఆపుతుంది, గోడ గట్టితనంతో రిమ్ము దెబ్బనూ కొంత తగ్గిస్తుంది, ట్యూబ్ వేయాల్సి వస్తే అడ్డురాదు. టైరు ఎలాగూ అరిగి మార్చేదే కాబట్టి, అదనంగా ఖర్చయ్యేదీ కొద్దే. పల్చని టైరులో బరువైన మెత్త వేసుకోవడమంటే తలుపుకు గడియ లేకుండా బీరువాకు తాళం వేయడం.

దీనికన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, అది అన్నిటికన్నా చవక. చాలా పంపుల ముల్లు తక్కువ గాలి దగ్గర రెండు మూడు పీఎస్‌ఐ తప్పు చూపిస్తుంది. ఆ రెండు మూడే ‘దబ్’కూ ‘ఠంగ్’కూ మధ్య ఉన్న దూరం. పైగా గాలి ఎండను బట్టి మారుతుంది. 10 డిగ్రీల సెల్సియస్ తేడాకు పీఎస్‌ఐ ఒకటికి పైగా పెరుగుతుంది, తగ్గుతుంది. మధ్యాహ్నం వేడి గరాజులో కొట్టిన గాలి మర్నాడు ఎడారి తెల్లవారుజామున తక్కువే చూపిస్తుంది. నమ్మదగిన చిన్న గేజి ఒకటి కొని, ఎక్కే ముందు ప్రతిసారీ చూసుకోవాలి. ఒక ఇన్సర్ట్ ధరలో చిన్న భాగానికే అది దొరుకుతుంది.

కాబట్టి నా తీర్పు ఇది. మామూలు రైడర్లలో ఎక్కువమందికి రెండు చక్రాల్లోనూ మెత్త అక్కర్లేదు. ముందు గేజి, తర్వాత దారికి తగిన కేసింగ్. ఆ రెండూ సరిచూసుకుని, పట్టు కోసం కావలసిన గాలి దగ్గర ఇంకా రిమ్ము రాయిని తాకుతుంటే అప్పుడు ఇన్సర్ట్. అదీ వెనక చక్రానికి మొదట. రాతి దారుల్లో నెలకో సొట్ట పడుతున్నవాళ్లకు, బరువైన శరీరం ఉన్నవాళ్లకు, ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకు తొక్కేవాళ్లకు అది ఖరీదుకు తగ్గ పని చేస్తుంది. అల్యూమినియం రిమ్ము మార్చి, స్పోకులు మళ్లీ అల్లించుకోవడానికి అయ్యే ఖర్చు ఒక ఇన్సర్ట్ కన్నా ఎక్కువే. మన దగ్గర ఖాజాగూడ గ్రానైట్ బండల మీద తొక్కే హైదరాబాదీలు అన్నయ్య పక్షాన నిలబడొచ్చు. అనంతగిరి ఎర్రమట్టి దారుల్లో తిరిగేవాళ్లు నా పక్షాన. సైకిలు ఒకటే కావచ్చు, కొండ ఒకటి కాదు.

అన్నయ్య ఇప్పటికీ వెనక చక్రంలో ఇన్సర్ట్ ఉంచాడు, టైరు మాత్రం మందం కేసింగుకు మారాడు. నేను నాది తీసేశాను. శుభ్రంగా కడిగి గరాజులో మేకుకు తగిలించాను, ఫీనిక్స్ వెళ్లేటప్పుడు వేసుకుంటాను. రిమ్ము మాత్రం మార్చలేదు. టైరు విప్పిన ప్రతిసారీ బొటనవేలితో అంచంతా ఒక చుట్టు తడుముతాను. ఆ ఒక్క చోట వేలు ఆగుతుంది, ముందుకు పోతుంది. మళ్లీ ఇంకోచోట ఆగే రోజు వస్తే, మేకు మీది మెత్త దిగుతుంది.