ఖాళీ గళ్లను కొట్టేయకండి

వాన లెక్కలు చూడాలన్న కుర్రవాళ్లకు నేను మొదట ఇచ్చే ఫైలు అమెరికా వాతావరణ సంస్థ నోవా ఉచితంగా పెట్టే జీహెచ్‌సీఎన్-డైలీ. మన దేశపు స్టేషన్ల రికార్డులూ అందులో ఉన్నాయి. కామాలు ఉండవు. ఏ అంకెకు ఏ అర్థమో అది నిలబడిన చోటే చెబుతుంది. 1928లో ఐబీఎం తెచ్చిన 80 నిలువు వరసల పంచ్‌కార్డు నుంచీ వస్తున్న పద్ధతి ఇది.

ఒక్కో వరసలో ఒక నెల ఉంటుంది. మొదటి 11 అక్షరాలు స్టేషన్ గుర్తు, తర్వాత నాలుగు సంవత్సరం, రెండు నెల, ఇంకో నాలుగు ఏం కొలిచారన్నది. 22వ అక్షరం నుంచి రోజుకు ఎనిమిది చొప్పున 31 రోజులు, ఫిబ్రవరికైనా సరే. ఆ ఎనిమిదిలో ఐదు విలువకి, మూడు గుర్తులకి.

పైథాన్ వచ్చినవాళ్లు చూడగానే, ఖాళీల దగ్గర వరసను ముక్కలు చేసే స్ప్లిట్ వాడేస్తారు. ఈ ఫైలు దానికి లొంగదు. గుర్తు లేని రోజున ఖాళీ ఉంటుంది, స్ప్లిట్ దాన్ని మింగేస్తుంది. ఒక రోజు గుర్తు వెనకే, మర్నాడు కొలత లేదని చెప్పే -9999 వస్తే మధ్యన సందే లేక ‘ఎస్-9999’ అని అతుక్కుపోతుంది. మూడో తారీఖు వాన ఇంకో తారీఖు ఖాతాలో పడుతుంది. ప్రోగ్రామ్ ఆగిపోతే అదృష్టమే. ఆగకుండా తప్పు మొత్తం చూపిస్తేనే నాకు భయం.

అందుకే అక్షరాలు లెక్కపెట్టి కోయాలి. వివరణలో 22 నుంచి 26 అని ఉంటే పైథాన్‌లో 21:26 అని రాయాలి. అక్కడ లెక్క సున్నాతో మొదలవుతుంది, చివరి అంకె కోతలోకి రాదు. పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో రీడ్_ఎఫ్‌డబ్ల్యూఎఫ్ ఈ పనికే ఉంది.

మూడు గుర్తుల్లో నడిమిది నాణ్యతది. అది ఖాళీగా ఉంటే, ఆ విలువ ఏ పరీక్షలోనూ తప్పలేదని అర్థం. అక్షరం ఉంటేనే అనుమానించాలి. విలువ సున్నా అయితే వాన పడలేదు. -9999 అయితే కొలత లేదు. ఎండిపోయిన నెలనూ ఎవరూ కొలవని నెలనూ ఒకే గాటన కడితే ఆ ఊరికి అన్యాయం చేసినట్టే. అన్నట్టు, వాన విలువలు మిల్లీమీటరులో పదో వంతుల్లో ఉంటాయి. 125 అంటే 12.5.

నెల మొత్తం పక్కన, కొలతలున్న రోజులెన్నో ఇంకో గడిలో వేయిస్తాను. ఫిబ్రవరి చివరి -9999లు లేని తేదీలవి, వాటిని ఆ లెక్కలోకి రానివ్వకూడదు. జులైలో 19 రోజులే దొరికితే ఆ నెల మొత్తాన్ని పక్క ఏడాదితో పోల్చనివ్వను.