కేబుల్ బండి, సెన్సార్ బండి

సాయంత్రం షిఫ్టు వదిలాక ఇస్నాపూర్ దగ్గర యూటర్న్ తీసుకోవాలంటే కంపెనీ బస్సుకీ లారీకీ మధ్య దొరికే సందు మూడు నాలుగు సెకన్లే. అందులోకి ముక్కు పెట్టి కాలు నొక్కగానే బండి కదిలిందా లేదా అన్నదే నా మొదటి లెక్క. మైలేజీ ఆ తర్వాత. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఈ రోడ్డు మీద రెండు బండ్లు నడిపాను. ఒకటి ఎంపీఎఫ్ఐ ఇంజిన్ ఉన్న పాత మారుతి 800, రెండోది ఇప్పుడు ఇంట్లో ఉన్న బీఎస్-6 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్.

800లో కాలికీ ఇంజిన్‌కీ మధ్య ఉన్నది ఒక ఉక్కు తీగ. బానెట్ ఎత్తి, లోపల కూర్చున్నవాళ్లని రేస్ ఇమ్మంటే తీగ బిగుసుకోవడం, థ్రాటిల్ పక్కనున్న చిన్న చక్రం తిరగడం కళ్లారా చూడొచ్చు. 796 సీసీ ఇంజిన్‌కి దమ్ము తక్కువే, కానీ జవాబు తక్షణం. కాలు చేసిన తప్పు కూడా అంతే తక్షణంగా ఇంజిన్‌కి చేరుతుంది. ఒక్కసారిగా తొక్కితే గాలి ముందు దూసుకొస్తుంది, దాన్ని అందుకోవడానికి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, పెట్రోలు అదనంగా పోస్తుంది.

కొత్త బండి బానెట్ ఎత్తితే కదిలేది కనిపించదు. పెడల్ దగ్గర రెండు సెన్సార్లు ఉంటాయి, ఒకటి తప్పు చెబితే రెండోదానితో పోల్చి పట్టుకోవడానికి. వాటి వోల్టేజీ చూసి ఈసీయూ ఒక చిన్న మోటారుతో థ్రాటిల్‌లోని గాలి తలుపు తిప్పుతుంది. అంటే కాలు ఇక తలుపు తెరవదు, ఇంత లాగుడు కావాలని అడుగుతుంది. ఏసీ నడుస్తోందా, ఇంజిన్ వేడెక్కిందా అన్నవి చూసుకుని ఎంత తెరవాలో ఈసీయూ తేలుస్తుంది. బీఎండబ్ల్యూ 1980ల చివర్లో పెద్ద కార్లలో పెట్టిన పద్ధతి ఇది. ఆ దశకంలోనే మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ బండ్లలో కాలి ఒత్తిడి డీజిల్ పంపు దాకా యాంత్రికంగానే వెళ్లేది. అదే ఊళ్లో ఇప్పుడు మహీంద్రా తయారుచేసే ఎలక్ట్రిక్ ఆటోల్లో గాలి తలుపూ లేదు, కేబులూ లేదు.

కొత్త బండి తొలి అంగుళం నొక్కుడుకి బద్ధకంగా కదులుతుంది. మైలేజీ కోసమే అలా పెట్టారని అందరూ సర్దిచెబుతారు. నేను ఒప్పుకోను. కంపెనీలు చెప్పే మైలేజీ రోలర్ల మీద, 90 కిలోమీటర్లు దాటని వేగంతో జరిగే పరీక్షలో తేలుతుంది. అక్కడ డ్రైవర్ తెర మీది వేగపు గీతను పట్టుకుని నడుపుతాడు. పెడల్ మెత్తగా ఉంటే కాస్త ఎక్కువ నొక్కుతాడు, అంతే. అదే వేగం అందుకోవడానికి ఇంజిన్‌కి కావలసిన బలం మారదు, పెట్రోలూ పెద్దగా మారదు. కాలు తీసేస్తే, గేరులో దొర్లుతున్నంతసేపు, పెట్రోలు ఆపేసే తెలివి కేబుల్ ఉన్న ఎంపీఎఫ్ఐ బండ్లకీ ఉంది. మెత్తదనం మిగిల్చేది మన కాలి కుదుపుల వల్ల వృథా అయ్యే పెట్రోలును మాత్రమే. పొగ అదుపుకి తలుపు నిదానంగా కదలడం కొంత అవసరమే, కానీ ఇంత బద్ధకం అవసరం లేదు. సందు చూసి బెంబేలెత్తి రెండింతలు తొక్కినప్పుడు ఆ పెట్రోలు మిగులూ పోతుంది.

ఆ బద్ధకానికి విరుగుడని పెడల్ సెన్సార్ వైరు మధ్యలో బిగించే పెట్టెలు అమ్ముతున్నారు. పటాన్‌చెరులో నా బండి చూసే మెకానిక్‌ని అడిగాను. "ఇంజిన్‌ల దమ్ము ఇదేం పెంచదు సార్. సగం తొక్కితే మొత్తం తొక్కినట్టు చెప్తది, అంతే" అన్నాడు. నిజమే. పెట్టె బిగించినవాళ్లు కాలు తేలిగ్గా పెట్టడం నేర్చుకోకపోతే ట్యాంకు తొందరగా ఖాళీ అవుతుంది.

సెన్సార్ పెడల్ నిజంగా గెలిచింది హైబ్రిడ్ కారులో. కాలు అడిగిన బలాన్ని ఇంజినూ మోటారూ ఎలా పంచుకోవాలో ఈసీయూ తేల్చాలి, తీగతో అది కుదరదు. 2022లో వచ్చిన హైరైడర్ హైబ్రిడ్‌కి లీటరుకి 27.97 కిలోమీటర్ల ధ్రువీకరణ వచ్చింది. ఆ ఘనతలో ఈ పద్ధతికి న్యాయమైన వాటా ఉంది. మామూలు పెట్రోల్ బండిలో ఆ వాటా చాలా చిన్నది.

అందుకే ముత్తంగి రాగానే, పెడల్‌ని ఇంకా మెత్తబరిచే ఎకో మోడ్ తీసేస్తాను. అప్పుడు పెడల్ కాస్త చురుగ్గా పలుకుతుంది. రుద్రారం దాటి, కంది దగ్గర రోడ్డు ఖాళీ అయ్యాక ఎకో మోడ్ మళ్లీ పెడతాను.