మూసుకున్న దారిలో కరెంటు

పాఠ్యపుస్తకంలో క్వాంటమ్ టన్నెలింగ్ సాదా బొమ్మ. ఒక ఎలక్ట్రాన్, ఎదురుగా ఒక అడ్డుగోడ. గోడ దాటేంత శక్తి లేకపోయినా ఎలక్ట్రాన్ ఒక్కోసారి అవతల తేలుతుంది. గోడ మధ్యలో కాసేపు ఆగడానికి ఒక మలిన పరమాణువు ఉంటే దాటడం ఇంకా సులువు. ఆ మజిలీనే స్థానిక స్థితి అంటారు. ఈ లెక్కలో మిగతా ఎలక్ట్రాన్ల ఊసే ఉండదు. నిజమైన పదార్థంలో మాత్రం కథ నడిపేది అవే.

ఈ గుంపు ప్రభావం జాడ మొదట బంగారు తీగలో కనిపించింది. లోహాన్ని చల్లబరిచే కొద్దీ విద్యుత్ నిరోధం తగ్గాలి. 1934లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో డి హాస్, డి బోర్, వాన్ డెన్ బెర్గ్ కొలిచిన బంగారంలో అది కొన్ని కెల్విన్‌ల దాకా తగ్గి, మళ్లీ పెరిగింది. కారణం తెలియడానికి 30 ఏళ్లు పట్టింది. తీగలో అక్కడక్కడా చిక్కుకున్న ఇనుము వంటి అయస్కాంత పరమాణువులే దీనికి మూలమని 1964లో జపాన్ శాస్త్రవేత్త జున్ కొండో వివరించారు. తగిలి వెళ్లే ఎలక్ట్రాన్ స్పిన్‌నూ (దాని చిట్టి అయస్కాంతపు దిశనూ), మలినం స్పిన్‌నూ తాకిడి తారుమారు చేస్తుంది. ముందు వెళ్లిన ఎలక్ట్రాన్ మలినాన్ని ఏ స్థితిలో వదిలిందో దాన్నిబట్టే తర్వాత వచ్చేదాని దారి. అలా ఎలక్ట్రాన్లన్నీ మలినం ద్వారా ముడిపడిపోతాయి.

తీగలో మలినాలు లెక్కలేనన్ని. ఏ ఒక్కదాన్నీ మనకు కావలసినట్టు మార్చలేం. ఆ లోటు తీర్చింది క్వాంటమ్ డాట్. గాలియం ఆర్సెనైడ్, అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొరలు కలిసే చోట ఎలక్ట్రాన్లు పలచటి పొరగా నిలుస్తాయి. పైన సన్నటి లోహపు గేట్లు అమర్చి ఋణ వోల్టేజి ఇస్తే, కింద ఉన్నవి పక్కకు తొలగి, నడుమ సుమారు 100 నానోమీటర్ల మేర కొన్ని పదుల ఎలక్ట్రాన్లు మాత్రం చిక్కుకుంటాయి. బస్సు సీటు మీద తువ్వాలు పడితే ఇంకొకరు కూర్చోలేనట్టు, లోపలున్నవి కొత్తదాన్ని రానివ్వవు. దీన్ని కూలుంబ్ దిగ్బంధం అంటారు. దాన్ని దాటడానికి ఒకటి రెండు మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. గది వేడిమి శక్తే దాదాపు 25. అందుకే చిప్‌ను 0.1 కెల్విన్ దరిదాపుల్లో ఉంచుతారు.

కొలిచే పని సున్నితం. కొన్ని మైక్రోవోల్టుల ఏసీ వోల్టేజి ఇచ్చి, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గరి కరెంటును మాత్రమే లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో ఏరుకుంటారు. గేటు వోల్టేజిని మెల్లగా మారుస్తుంటే గ్రాఫ్‌లో శిఖరాలూ లోయలూ వరుసగా వస్తాయి. ఒక్కో శిఖరం దాటినప్పుడల్లా డాట్‌లో ఒక ఎలక్ట్రాన్ పెరుగుతుంది. లోయ అంటే దారి మూసుకుందని అర్థం.

ఇప్పుడు ఇంకాస్త చల్లబరిస్తే, డాట్‌లో సరి సంఖ్య ఉన్న లోయలో కరెంటు మరింత పడిపోతుంది. బేసి సంఖ్య ఉన్న పక్క లోయలో పెరుగుతుంది! జత లేని ఎలక్ట్రాన్ ఒక్క క్షణం బయటికి జారుతుంది. అందుకు కావలసిన కాస్త శక్తిని అనిశ్చితత్వ సూత్రం అప్పు ఇస్తుంది. ఆ ఖాళీలోకి ఎదురు స్పిన్ ఉన్నది దూరుతుంది. ఇలాంటి మార్పిళ్లు అసంఖ్యాకంగా కలిసి, బయటి ఎలక్ట్రాన్లు డాట్ స్పిన్‌ను కమ్మేస్తాయి. సరిగ్గా ఫెర్మీ స్థాయి (బయటి ఎలక్ట్రాన్లు నిండి ఉన్న శక్తుల పై అంచు) దగ్గర కొత్త దారి తెరుచుకుంటుంది. తీగలో ఆటంకమైన ప్రభావమే ఇక్కడ దారి అయింది, ఎందుకంటే ఇక్కడ డాట్‌ను తప్పించుకుని పోయే తోవ లేదు.

ఈ సంగతిని 1988లోనే గ్లాజ్‌మన్, రైఖ్ ఒకవైపు, ఎన్జీ, లీ ఇంకొకవైపు ఊహించారు. చూపడానికి పదేళ్లు పట్టింది. డాట్ పెద్దదైతే ఈ ప్రభావం కనిపించే ఉష్ణోగ్రత, అంటే కొండో ఉష్ణోగ్రత, అందనంత కిందికి పోతుంది. అడ్డుగోడలు మరీ పలచనైతే లోపల ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో స్థిరంగా ఉండదు. నేర్పంతా ఆ రెంటి నడుమే. 1998లో ఎంఐటీలో గోల్డ్‌హేబర్-గోర్డన్, కాస్ట్‌నర్ బృందమూ, డెల్ఫ్ట్‌లో కౌవెన్‌హోవెన్ బృందమూ సాధించాయి. అయస్కాంత క్షేత్రం పెట్టగానే, ఫెర్మీ స్థాయి దగ్గర వచ్చిన కొత్త శిఖరం రెండుగా చీలడం స్పిన్ పాత్రకు సాక్ష్యం. 2000లో డెల్ఫ్ట్ బృందమే వాహకతను ఒక్క దారికి సాధ్యమైన గరిష్ఠ విలువ దాకా తీసుకెళ్లింది. నిరోధంగా చెబితే సుమారు 12.9 కిలోఓమ్‌లు.

స్పిన్ లేకున్నా గుంపు ప్రభావం తప్పదు. ఎలక్ట్రాన్ స్థానిక స్థితిలోకి వచ్చిపోయినప్పుడల్లా అక్కడి ఆవేశం మారి, చుట్టూ ఉన్నవన్నీ సర్దుకుంటాయి. అందువల్ల కరెంటు మొదలయ్యే అంచు దగ్గర అది ఒక్కసారిగా ఎగబాకుతుందని 1992లో మత్వేయెవ్, లార్కిన్ చెప్పారు. 1994లో నాటింగ్‌హామ్‌లో ఆండ్రే గైమ్, సహచరులు దాన్ని కొలిచి చూపారు. గ్రాఫీన్‌కు నోబెల్ అందుకున్న గైమే ఈయన.

ఈ ప్రయోగాల విలువ అంతా వోల్టేజి మీట చేతిలో ఉండటంలోనే ఉంది. వేర్వేరు గేటు వోల్టేజిల దగ్గర తీసిన కొలతల్లో ఉష్ణోగ్రతను ఆయా కొండో ఉష్ణోగ్రతతో భాగిస్తే అన్నీ ఒకే వక్రరేఖ మీద కూర్చుంటాయి. సీరియం సమ్మేళనాల్లో ఇలాంటి స్పిన్ ప్రతి సీరియం పరమాణువు దగ్గరా ఉంటుంది. అక్కడ తిప్పడానికి మీట లేదు. అన్ని స్పిన్‌ల ఆ చిక్కుముడిని విప్పబోయేవారికి, డాట్‌లో పరీక్షకు నిలిచిన ఈ సిద్ధాంతమే మొదటి మెట్టు.