బూర్గులవారి జీవితము: ఒక విమర్శ

మన భాషలో మహనీయుల జీవితచరిత్రములు చాలవరకు పదవుల పట్టికలుగను, స్తోత్రములుగను పరిణమించుచున్నవి. బూర్గుల రామకృష్ణారావుగారి విషయమునను ఇట్లే జరుగుచున్నది. వారు బహుభాషా కోవిదులనియు, 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షులైరనియు, 1952 మొదలు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రులుగా నుండిరనియు చెప్పి ముగింతురు. ఇవి యన్నియు సత్యములే. కాని న్యాయవాది మంత్రి యైనప్పుడు కొలబద్ద వేరుగా నుండవలెనని మా యభిప్రాయము. వారి కాలమున చట్టము దున్నువాని గడపను చేరెనా లేదా యనునదే యా కొలబద్ద.

నిజామాబాదు మండలమునుండి చూచినచో ఈ ప్రశ్న యొక్క బరువు తెలియును. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తి యయ్యెను. 1937లో బోధనువద్ద శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము నెలకొనెను. నీరు పారినచోట భూమి వెల పెరుగును. వెల పెరిగినచోట కౌలుదారుని తొలగింపవలెనను ఆశయు పెరుగును.

1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చెను. ఆ యేడే రామకృష్ణారావుగారు రెవెన్యూ మంత్రిత్వము వహించిరి. 'రక్షిత కౌలుదారు'ని అకారణముగా తొలగింపరాదని చట్టము శాసించెను. వారు ముఖ్యమంత్రులుగా నున్న 1954లో జరిగిన సవరణ, కొన్ని పరిమితులకు లోబడి, యాజమాన్యమునే అతనికి బదిలీ చేయుటకు దారి తీసెను. ప్రష్యా దేశమున మంత్రి హార్డెన్‌బర్గు కాలమున, 1811 నాటి శాసనముచే, రైతు స్వామ్యము పొందుటకై తన భూమిలో మూడవ వంతునో సగమునో దొరకు విడువవలసి వచ్చెను. హైదరాబాదు చట్టము భూమిలో పాలు కోరలేదు. వెలను మాత్రమే కోరెను. ఈ విషయమున మన మంత్రివర్యుల చట్టమే మేలు.

కాని ఫలిత మేమి? 1958లో ప్రకటితమైన ఎ. ఎం. ఖుస్రోగారి పరిశీలన ప్రకారము, 1951 నాటి రక్షిత కౌలుదారులలో నాలుగేండ్లకు నూటికి సుమారు 45 మందియే ఆ రక్షణలో మిగిలిరి. 12 మంది యజమానులైరి. సుమారు 22 మంది అక్రమముగా తొలగింపబడిరి. సుమారు 17 మంది 'స్వచ్ఛందముగా' భూమిని విడిచిరట! విత్తనమునకును, అప్పునకును దొరనే నమ్ముకొన్నవాని స్వేచ్ఛ యెంతటిదో గ్రామ మెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ లోపము చట్టపు మాటలలో కంటె దాని యమలులోనే హెచ్చుగా నున్నది. న్యాయవాది వ్రాతను నమ్మును. పల్లెలో వ్రాత పట్వారి చేతిలో నుండెను. తన పేరు పహాణీలో నున్నదో లేదో చదువరాని కౌలుదారునకు హక్కు వార్తగానైనను అందుట కష్టము. రామకృష్ణారావుగారి సంకల్పశుద్ధిని మేము శంకింపము. వారి పాండిత్యమును ప్రశంసించు గ్రంథకర్తలు ఈ అంకెలకును ఒక ప్రకరణము కేటాయింపవలెనని మాత్రము కోరుచున్నాము. దానిచే వారి కీర్తి తగ్గదు. రేపు చట్టము చేయువారికి, శాసనము పుట్టిన దినమే పని ముగియదను పాఠము లభించును.