శిశువు మలమూత్ర నియమం – ‘ఆగవలెను’ అను సిద్ధాంతం

గోదావరిఖనిలోని సింగరేణి క్వార్టర్ల వాకిళ్ళలో పొద్దున కనిపించే దృశ్యం ఒకటి ఉన్నది. ఇంటి మనిషిని మొదటి షిఫ్టుకు పంపిన తరువాత తల్లి గాని, నాయనమ్మ గాని పీటమీద కూర్చుండి, కాళ్ళు ముందుకు చాచి, రెండు పాదాల నడుమ చంటిబిడ్డను కూర్చుండబెట్టి, నోటితో ‘స్‌స్‌స్’ అని సన్నగా శబ్దం చేస్తుంది. బిడ్డకు ఐదారు నెలలు కూడ నిండి ఉండవు. కొద్ది నిమిషాలలో పని అయిపోతుంది. పొత్తిగుడ్డ పొడిగానే మిగులుతుంది. అదే ఇంట్లో చదువుకున్న కోడలు తెచ్చుకొన్న శిశుసంరక్షణ పుస్తకంలో మాత్రం వేరే మాట ఉంటుంది. రెండేళ్ళ ప్రాయం వచ్చేవరకు ఈ శిక్షణ మొదలు పెట్టరాదని, నరాలు పక్వం కానిదే ఏ శిక్షణా ఫలించదని అది చెబుతుంది. అత్త చేసేది వట్టి ఆచారమా? పుస్తకం చెప్పేది మాత్రమే సైన్సా?

పుస్తకపు మాటకు మూలం అమెరికాలో ఉన్నది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో అక్కడి ప్రభుత్వ కరపత్రాలే గడియారం చూచి నెలల పసికందును కుండమీద కూర్చుండబెట్టుమని తల్లులకు బోధించినవి. ఆ కాఠిన్యానికి ఎదురుగా బెర్రీ బ్రేజల్టన్ అను శిశువైద్యుడు 1962లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించినాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో పదేళ్ళపాటు తాను చూచిన 1,170 మంది పిల్లల లెక్క అందులో ఉన్నది. బిడ్డ నడక నేర్చి, చెప్పిన మాట గ్రహించి, పెద్దలను అనుకరించే దశకు వచ్చిన తరువాతనే చిన్న కుర్చీని పరిచయం చేయవలెను. బిడ్డ మొరాయిస్తే ఆపివేయవలెను. ఈ పద్ధతిలో సగటున 28.5 నెలలకు పగటి నియమం, 33.3 నెలలకు రాత్రి నియమం కూడ కుదిరినవని ఆయన చూపినాడు.

ఈ వ్యాసంలో చెక్కుచెదరని భాగం బలవంతాన్ని కాదనడం. భయపడిన బిడ్డ మలాన్ని బిగబడతాడు. పెద్దపేగు అందులోని నీటిని ఇంకా పీల్చుకొంటుంది. మలం గట్టిపడి బయటికి వచ్చేటప్పుడు నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి వెరచి బిడ్డ మరింత బిగబడతాడు. బడిలో చేర్చవలెనని మూడేళ్ళ పిల్లవానికి ఒక్క వారంలో అంతా నేర్పబోయి వీపు చరిచే ఇళ్ళు బొగ్గుబాయి వాడలలో లేకపోలేదు. వారు బ్రేజల్టన్‌ను చదవవలసినదే.

చిక్కు ఆయన ఇచ్చిన నెలల లెక్కను శరీరధర్మంగా ఎంచడంలో ఉన్నది. దీనికి 1940లో మర్టిల్ మెగ్రా ప్రకటించిన కవలల పరిశీలనను ఆధారంగా చూపుతారు. కవలలలో ఒకరిని తొలి నెలలనుండే గంటగంటకు కుండమీద కూర్చుండబెట్టినారు. రెండవవారిని చాలాకాలం వదిలివేసినారు. చివరకు ఆలస్యంగా మొదలుపెట్టిన బిడ్డ తొందరలోనే తోబుట్టువును అందుకొన్నది. కనుక పక్వతయే సర్వమని నిర్ణయం. కాని బ్రేజల్టన్ తరువాత 40 ఏళ్ళకు, 2002లో ప్రకటించిన మరొక అమెరికా పరిశీలనలో పగలు పొడిగా ఉండగల వయస్సు ఆడపిల్లలకు 32.5 నెలలు, మగపిల్లలకు 35 నెలలు అని తేలినది. రెండు పరిశీలనలలోని కుటుంబాలు ఒకటి కావు గనుక అంకెకు అంకె పోల్చరాదు, నిజమే. అయినా, నరాల పక్వతయే సర్వమైతే ఈ వయస్సు వెనుకకు జరగడమేమి? 40 ఏళ్ళలో మానవుని వెన్నుపాము మారదు. మారినది నడుముకు చుట్టే గుడ్డ. వాడి పారవేసే ‘పాంపర్స్’ 1961లో అమెరికా అంగళ్ళకు వచ్చినవి. తడి తెలియని బిడ్డకు తొందర లేదు, ఉతుకులేని తల్లికీ లేదు. 1990ల చివర ఆ డైపర్లలోని పెద్ద సైజు ప్రకటనలో బ్రేజల్టనే కనిపించినాడు. అందువల్ల 1962 నాటి లెక్క తప్పు కాబోదు గాని, చదువరి ఎరిగి ఉండదగిన సంగతి.

అసలు తేడా కొలతలో ఉన్నది. బిడ్డ తనంతట తాను పోయి, బట్ట విప్పి, కూర్చుండి లేచినప్పుడే నియమం కుదిరినదని కేంబ్రిడ్జి లెక్క. వాకిలిలోని నాయనమ్మ కొలిచేది బిడ్డను కాదు, బిడ్డనూ తననూ కలిపి. 1977లో డివ్రీస్ దంపతులు కెన్యా తీరంలోని డిగో జాతివారిని గురించి అదే ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వ్రాసినారు. ఆ తల్లులు బిడ్డకు రెండు మూడు వారాల వయస్సునుండే మొదలుపెడతారు. కాళ్ళ నడుమ కూర్చుండబెట్టడం, శబ్దం చేయడం అక్కడా ఉన్నవి. ఐదారు నెలలకు బిడ్డ సూచన ఇస్తాడు, తల్లి అందుకొంటుంది. గోదావరి ఒడ్డున పుట్టిన పద్ధతి హిందూమహాసముద్రపు ఆవలి ఒడ్డునా ఉండడం విశేషమే.

ఇందులో అద్భుతమేమీ లేదు. పాలు కడుపులో పడగానే పెద్దపేగు కదలడం ఒక ప్రతిక్రియ; కనుకనే నాయనమ్మ పాలు తాగిన వెంటనే బిడ్డను ఎత్తుకొంటుంది. గొంతుకు కూర్చున్నప్పుడు పురీషనాళపు వంపు సడలి దారి సూటిగా అవుతుంది. ఇక ‘స్‌స్‌’ అను శబ్దం తరగతి పుస్తకంలోని పావ్‌లోవ్ గంటయే. కుక్కకు ఊరినది లాలాజలం, అంతే భేదం. పసికందు మూత్రం కేవలం వెన్నుపాము ప్రతిక్రియ అని చాలాకాలం నమ్మినారు. 1990లలో జరిగిన పరిశీలనలు పసికందులు మూత్రానికి ముందు కొంత మేల్కొంటారని చూపి, అందులో మెదడుకూ పాలున్నదని తెలిపినవి. తల్లి పట్టుకొనే కదలిక, ముఖపు వికారం కల్పితాలు కావన్నమాట.

నాయనమ్మ పద్ధతికీ హద్దులున్నవి. ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషి బిడ్డను కనిపెట్టి ఉండవలెను. తల్లి ఉద్యోగానికి పోయే ఇంట, వృద్ధులు లేని ఇంట అది సాగదు. పాకడం వచ్చిన బిడ్డ పాదాలమీద కూర్చోనని పెనుగులాడుతాడు. అప్పుడు పట్టి కూర్చుండబెడితే మళ్ళీ పాత కరపత్రాల కాఠిన్యమే. రాత్రి నియమం వేరే సంగతి. ఐదేళ్ళ పిల్లలలో కూడ నూటికి 15 మంది వరకు పక్క తడుపుతారు. అది సోమరితనం కాదు.

వాకిలిలో నిజంగా విమర్శకు గురికావలసినది శిక్షణ కాదు, దాని తరువాతి పని. బిడ్డ విడిచిన మలాన్ని నీళ్ళతో మోరీలోకి తోస్తారు, లేదా కాగితంలో చుట్టి పెంటమీద వేస్తారు. పాలు తాగే బిడ్డ మలానికి దోషం లేదని నమ్మకం. రోటావైరస్ వంటివి పసిబిడ్డ మలంలోనే దండిగా ఉంటవి. పాకే వయస్సునుండి ఏలికపాములూ చేరుతవి. ఒక ఆడ ఏలికపాము దినానికి 2,00,000 వరకు గుడ్లు పెడుతుంది. అవి నేలలో రెండు మూడు వారాలలో అంటుకొనే దశకు వచ్చి, తేమ ఉంటే నెలల తరబడి బ్రతుకుతవి. మోరీ పక్కన గోళీలాడే అన్న చేతికి తమ్ముని మలం ఈ విధంగా చేరుతుంది. కుండలోనిది గాని, డైపర్‌లోనిది గాని పాయఖానాలో పోసి నీళ్ళు కొట్టి, సబ్బుతో చేతులు కడుగుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. 2015 నుండి నులిపురుగుల నివారణ దినాన 1 నుండి 19 ఏళ్ళ పిల్లలకు అంగన్‌వాడీలలో, బడులలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. అది కడుపులోని పాములను చంపుతుంది. మోరీ పక్క మట్టిలోని గుడ్లను తాకదు.