కన్నులు మూసికొనుట అందరికి ఔషధమా?

ఘోరమైన భయము ననుభవించిన మనిషిని కూర్చుండబెట్టి "కన్నులు మూసికొని శ్వాసను గమనింపుము" అన్నచో ఏమగును? కొందరికి మనస్సు కుదుటపడును. మరికొందరికి, మరువజూచుచున్న క్షణమే ఆ నిశ్శబ్దములో మరల కన్నులయెదుట నిలుచును. డేవిడ్ ట్రెలీవెన్ 2018లో ప్రకటించిన 'ట్రామా-సెన్సిటివ్ మైండ్‌ఫుల్‌నెస్' అను ఆంగ్ల గ్రంథము ఈ రెండవ తెగవారిని గూర్చినది.

పేరు కొత్తదే గాని విషయము మనకు కొత్తది కాదు. బౌద్ధులు దీనిని స్మృతి యనిరి. హైదరాబాదు శివార్లలో 1976లో వెలసిన ధమ్మఖేత్తలో విపశ్యన పేర పదిరోజుల మౌనశిబిరములు జరుగుచున్నవి. ఇట్టి అభ్యాసములనుండియే 1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయములో ఎనిమిది వారముల శిక్షణను రూపొందించెను.

ఇది పనిచేయునా? అమెరికా మాజీ సైనికులు 116 మందిపై జరిగిన పరీక్ష 2015లో వెలువడినది. రెండు మాసముల పిమ్మట, తమ బాధ చెప్పుకొనదగినంత తగ్గినదని తెలిపినవారు ఈ శిక్షణ పొందినవారిలో నూటికి 49, వేరొక బృందచికిత్స పొందినవారిలో 28. కాని వైద్యులు పరీక్షించి "వ్యాధి లేదు" అని తేల్చినవారి సంఖ్యలో గణనీయమైన భేదము లేదు.

మరి హాని యెట్లు కలుగును? ఆపదవేళ గుండె దడదడలాడినది, ఊపిరి బిగిసినది. పావ్లోవ్ కుక్కకు గంట యెట్టిదో, వీరికి ఆ దడ అట్టిది. లోపలికి చూడుమన్నచో గంట మ్రోగించినట్లే. కావున కన్నులు తెరచియే యుంచుము, పాదములు నేలకు ఆనించుము, వెలుపలి శబ్దము వినుము అని గ్రంథకర్త బోధ. మధురానగర్‌లో మెట్రో వంతెన ప్రక్క గదిలో నుండు విద్యార్థికి, వచ్చిపోవు రైలు చప్పుడు శ్వాసకంటె మంచి ఆలంబనము కావచ్చును. (రైలే భయహేతువైనవానికి కాదు.)

గ్రంథమునకు బలహీనత లేకపోలేదు. ఆధారములుగా చూపిన వానిలో రోగుల కథలే హెచ్చు. కథ యెంత హృదయంగమమైనను పరీక్షకు సాటిరాదు. అయినను సాంఘిక పరిస్థితులను చర్చించిన అధ్యాయము ఉపాధ్యాయులు తప్పక చదువదగినది. ఇంటిలో నేటికిని దెబ్బలు తినుచున్న బాలికకు "ఈ క్షణములో నిలువుము" అని చెప్పుటలో అర్థమేమి? ఆమెకు భయస్థానము ఈ క్షణమే.

అట్టివారిని నిపుణులకడకు పంపుడని గ్రంథకర్త సలహా. నిపుణులు చేరువలోనే యుందురని ఆయన తలచినట్లున్నది. మధురానగర్‌వారికి ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దగ్గరే. దూరపు పల్లెలోని ఉపాధ్యాయునికి మాత్రము 2022లో ప్రారంభమైన టెలిమానస్ ఉచిత ఫోను, 14416, దిక్కు.