బూస్టర్ కొనేముందు తీగ చూడండి

టీవీలో బొమ్మ సరిగా రాకపోతే మనవాళ్లు ముందుగా చేసే పని బూస్టర్ కొనుక్కురావడం. కోల్‌కతా చాందినీ చౌక్ సందుల్లో దానికి కొదవ లేదు. పక్కనే చుట్టలు చుట్టలుగా వేలాడే కేబులు వైపు మాత్రం ఎవరూ కన్నెత్తి చూడరు. ఇంటి ఏరియల్ సొంతంగా బాగుచేసుకుని నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలనుకునేవాడు మొదట ఖర్చుపెట్టాల్సింది ఆ తీగ మీదేనని నా పట్టుదల. బూస్టర్‌కు మంచీ చెడూ తెలియదు. బొమ్మతో పాటు చుక్కల్నీ పెంచి పంపుతుంది. తీగలో వాననీళ్లు దిగి ఉంటే ఆ పాడైన సిగ్నల్‌నే ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది, అంతే.

ఈ ఊళ్లో ఏరియల్ సరదా పాతదే. 1975 ఆగస్టు 9న టాలీగంజ్‌లోని రాధా స్టూడియో నుంచి కలకత్తా దూరదర్శన్ మొదలైంది. అంతకు ఎనిమిది రోజుల ముందే, ఆగస్టు 1న, సైట్ ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా టీవీ. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది, బెంగాల్ లేదు. కోళ్ల దొడ్లకు కట్టే ఇనుప వలతో మూడు మీటర్ల గొడుగులు చేసి ఊళ్లలో నిలబెట్టారు. బెంగాలీ మిత్రులు సంస్కృతి గురించి మరీ ఎక్కువ మాట్లాడినప్పుడు నేను ఈ సంగతి ఎత్తుతుంటాను.

ఎనభైల్లో ఇక్కడి మేడల మీద ఏరియళ్లు కొన్ని గోల్ఫ్ గ్రీన్‌లోని దూరదర్శన్ టవర్ వైపు కాకుండా తూర్పు ముఖం పెట్టి ఉండేవి, బంగ్లాదేశ్ టీవీ కోసం. అక్కడి రచయిత హుమాయూన్ అహ్మద్ టీవీ నాటకాలంటే ఇక్కడివాళ్లూ చెవి కోసుకునేవారు. సరిహద్దుకు అవతల వాళ్లదీ ఇదే గోల. దూరదర్శన్ పట్టడానికి ఏరియల్‌కు అల్యూమినియం గిన్నెలు, మూతలు కట్టేవారు. మేడ మీద ఒకడు గొట్టం తిప్పుతుంటే కిటికీలో ఒకరు, టీవీ ముందు ఒకరు. ‘ఏషెఛే?’ (వచ్చిందా?) అని పైనుంచి కేక. ‘ఆర్ ఎక్టూ... ఎక్టూ... జాహ్, గ్యాలో!’ (ఇంకాస్త... కాస్త... అయ్యో, పోయింది!) అని కిందనుంచి జవాబు. వచ్చినంతసేపు పట్టదు పోవడానికి.

ఆ మూతల్లో మహిమ ఏమీ లేదు, కుదిరితే కుదిరేది, అంతే. ఉన్న మహిమంతా కడ్డీల కొలతలో ఉంది. మూడొందల్ని మెగాహెర్ట్జ్ సంఖ్యతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 200 మెగాహెర్ట్జ్ అయితే ఒకటిన్నర మీటరు, అందులో సగం, అంటే ఇంచుమించు 75 సెంటీమీటర్లు, నడిమి కడ్డీ. వెనక కాస్త పొడుగుది, ముందు కాస్త పొట్టివి. జపాన్‌లో యాగీ, ఉడా అనే ఇద్దరు 1926లో లోకానికి చెప్పిన లెక్క ఇది. టేపు, రంపం పట్టుకోవడం వచ్చినవాడు ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ కడ్డీల మీద కాకులు వాలుతున్నాయి. ఇళ్లలోకి కేబుల్ టీవీ వచ్చేసింది. 2012 తర్వాత సెట్‌టాప్ బాక్సు లేనిదే అదీ రాదన్నారు. 2019లో కొత్త టారిఫ్ వచ్చి, పే ఛానల్ ఒక్కటీ తీసుకోకపోయినా నెలకు పన్నుతో కలిపి 153 రూపాయలు అయ్యాయి. దానికి విరుగుడు 2004 డిసెంబరు నుంచీ ఉంది. ఇప్పుడు దాన్ని డీడీ ఫ్రీ డిష్ అంటున్నారు. బాక్సు, డిష్ ఒకసారి కొనుక్కుంటే నెలనెలా కట్టేది లేదు. దూరదర్శన్ తెలుగు ఛానళ్లు యాదగిరి, సప్తగిరి రెండూ వస్తాయి కాబట్టి కోల్‌కతాలో కూర్చున్నా తెలుగు వార్తలకు లోటు లేదు.

బిగించడమూ బ్రహ్మవిద్య కాదు. ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. హైదరాబాద్‌లో డిష్ ఆగ్నేయం చూడాలి. కోల్‌కతాలో దాదాపు దక్షిణమే, రవ్వంత తూర్పుకు. ఎత్తు సుమారు 63 డిగ్రీలు. ఇరుకు సందుల ఊరికి ఇది వరం, ఎదురింటి మేడ అడ్డం వచ్చేది తక్కువ. డిష్‌ను చూస్తే అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, దాని వంపు అలాంటిది. కంటిని కాక కోణమానినిని నమ్మాలి. దారిలో అడ్డం ఉందో లేదో తేల్చుకోవడానికి నాకు నచ్చిన ఉపాయం ఒకటుంది. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి వారంలో పగలు 11 దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ వేళకు డిష్ పెట్టబోయే చోట ఎండ పడితే సిగ్నలూ పడుతుంది. నీడ ఉంటే చోటు మార్చండి.

తిప్పేటప్పుడు తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంత్ చూసి మురిసిపోవద్దు, క్వాలిటీ గీత పెరగాలి. ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా అది పడిపోతుంది. వేలితో తట్టినట్టు జరిపి, ఆగి, బాక్సుకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాలి.

అసలు పనితనం కనెక్టర్ దగ్గర. కేబులు పైతొడుగు చాకుతో గుండ్రంగా కోసి, అల్లిక తీగల్ని వెనక్కి మడవాలి. వాటిలో ఒక్క వెంట్రుకంత పోగు నడిమి రాగి తీగను తాకినా తెర నల్లబడుతుంది. రాగి తీగ కనెక్టర్ అంచు కంటే బియ్యపు గింజంత బయటికి ఉంటే చాలు. ఇంట్లోకి వచ్చేముందు కేబులును ఒక చోట కిందికి జారవిడిచి మళ్లీ పైకి తీసుకోండి. వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఇక్కడి వానాకాలంలో ఈ చిన్న వంపు లేక పాడైన కేబుళ్లే ఎక్కువని నా అనుమానం. స్టాండును పిట్టగోడ సున్నానికి కాకుండా కాంక్రీటుకే బిగించండి. కాలబైశాఖి, అంటే ఇక్కడి ఎండాకాలపు గాలివాన, మబ్బు కనపడితే సామాను అక్కడే వదిలేసి దిగిపోండి.

డిష్ కొసన ఉండే ఎల్ఎన్‌బీ మూతి లోపల చిన్న కొమ్ములాంటి గొట్టం ఉంటుంది. అది ఈ ఊరిదే అనొచ్చు. జగదీశ్ చంద్ర బోస్ ప్రెసిడెన్సీ కాలేజీలో శిక్షణ లేని రేకుపనివాడి సాయంతో పరికరాలు చేయించుకుని, 5 నుంచి 25 మిల్లీమీటర్ల తరంగాలతో ప్రయోగాలు చేశాడు. అలాంటి కొమ్మునే 1897లో లండన్‌లో చూపించాడు. మన డిష్ పట్టే తరంగమూ ఇంచుమించు 25 మిల్లీమీటర్లే. రేకుపని చేసే వాళ్లని చిన్నచూపు చూసేవాళ్లకు ఈ మాట చెప్పాలి.

ఇంతకీ డబ్బు మిగిలిందా? కొంత. పక్కింటి దాదా ‘నాకూ బిగించి పెట్టండి’ అని ఉత్సాహపడ్డాడు గానీ, జీ బంగ్లా రాదనగానే ఆయన భార్య తలుపు దగ్గరే బేరం తెంచేసింది. మా ఇంట్లోనూ అంతే. మా అత్తగారికి సప్తగిరి వార్తలు చాలవు, రాత్రి సీరియల్ ఉండాల్సిందే. అందుకని ఆవిడ గదిలోని టీవీకి చిన్న పే ప్యాక్ ఉంచి, హాల్లో టీవీకి డిష్ పెట్టాం. బిల్లు సగం తగ్గింది. మిగతా సగం గురించి ఇంట్లో నేను నోరెత్తను.